మందం ప్లేట్ల బ్యాటరీ

నా అంగీలన్నిటికీ పొట్ట దగ్గర చిల్లులుండేవి. యాసిడ్ చుక్క పడినప్పుడు ఏమీ కనబడదు. ఉతికి ఆరేశాక ఎండకు పెట్టి చూస్తే జల్లెడలో నుంచి వచ్చినట్టు వెలుతురు వస్తుంది. నా భార్య లక్ష్మి, పెళ్లిళ్లకు వేసుకునే అంగీలను వేరే పెట్టెలో పెట్టి తాళం వేసేది. "ఒక్క నిమిషం దుకాణం సూసొస్త" అని పెళ్లి బట్టలతోనే వెళ్లి, ఆ అంగీ కూడా పాడుచేసుకొచ్చిన మనిషిని నేను.

బాన్సువాడ బస్టాండు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా బ్యాటరీల దుకాణం నడిపాను. అంతకుముందు కొన్నేళ్లు ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు దుకాణాన్ని మా చెల్లెలి కూతురు రజిత చూసుకుంటోంది. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. లెక్కలు నాకంటే బాగా వచ్చు. ఆమే ఒకరోజు కొత్త నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది.

"మామ, నువ్ రోజు ఏదో ఒకటి చెప్తవు. నేను గిరాకిల వడి మర్చిపోత. గవన్ని రాసియ్యి."

"బ్యాటరీల మీద పుస్తకాలున్నయి గద బిడ్డ."

"పుస్తకంల ఉన్నది నాకు ఎరుకనే. నువ్ యాడ తప్పు చేసినవో గది రాయి."

అందుకే రాస్తున్నాను. ఎంత సరుకు అమ్మాను, ఏ కంపెనీ ఏ బహుమతి ఇచ్చింది అనేవి ఇందులో ఉండవు. నాకు పని నేర్పిన ముగ్గురు మనుషులుంటారు.

సుద్దముక్కతో రాసిన పేర్లు

నేను ఖాజా ఉస్తాద్ దగ్గర చేరినప్పుడు చుట్టుపక్కల చాలా పల్లెల్లో కరెంటు ఉన్నట్టే ఉండేది, టీవీ పెట్టేసరికి పోయేది. అందుకని ఊరికి ఒకటో రెండో నలుపు తెలుపు టీవీలు ట్రాక్టర్ బ్యాటరీల మీద నడిచేవి. ఆదివారం టీవీ చూడాలంటే శనివారమే బ్యాటరీ మా దగ్గరికి రావాలి. సైకిల్ క్యారియర్ మీద పెట్టి, ట్యూబు ముక్కతో కట్టి, యాసిడ్ ఒలకకుండా నడిపించుకుంటూ తెచ్చేవాళ్లు. బీర్కూర్ బస్సు వస్తే టాప్ మీద నుంచి రెండు మూడు దిగేవి. మేము ప్రతి బ్యాటరీ పక్కన సుద్దముక్కతో పేరు, ఊరు రాసేవాళ్లం. పోశెట్టి, పెద్ద కొడప్‌గల్. గంగవ్వ, బీర్కూర్. గోడ పొడవునా పేర్లు వరసగా కూర్చునేవి.

ఛార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీ లోపలి ఒక్కో గదిలో బుడగలు లేచి అన్నం ఉడుకుతున్నట్టు చప్పుడు వచ్చేది. ఉస్తాద్ కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినేవారు. "గా మూడోది ఉడుకుతలేదు, సూడు" అనేవారు. యాసిడ్ చిక్కదనం కొలిచే గాజు గొట్టం పెట్టి చూస్తే ఆ గది నిజంగానే చచ్చిపోయి ఉండేది. నాకు ఆ చెవి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పటి మూతపెట్టిన బ్యాటరీలకు ఆ చప్పుడే లేదు. బ్యాటరీ మూతలు అతికించే కాగిన తారు వాసన, యాసిడ్ ఘాటు, బయట బస్సుల పేర్లు చదివే కండక్టర్ల గొంతులు కలిసి నా ఇరవై రెండేళ్ల వయసుకు గుర్తుగా మిగిలిపోయాయి.

ఒకరోజు నేను ఉస్తాద్‌ను అడిగాను. మైకు పెట్టి ఊళ్లు తిరిగే ఒకాయన ట్రాక్టర్ బ్యాటరీని ఏడాదిలో రెండోసారి చంపి తెచ్చాడు. అదే రకం బ్యాటరీ ట్రాక్టర్ మీద నాలుగేళ్లు బతుకుతుంది. ఎందుకని? ఉస్తాద్ మాటలతో చెప్పలేదు. పాత సామానులో నుంచి రెండు రకాల బ్యాటరీలు తీసి, యాసిడ్ వంపేసి, రంపంతో పక్కలు కోశారు.

"దేఖో గంగారాం. గిది ట్రాక్టర్‌ది. లోపల సీసం ప్లేట్లు సన్నగున్నయి, శాన ఉన్నయి. ఒక్కటే దెబ్బ గట్టిగ కొట్టాలె, ఇంజన్ లేవాలె. అయిపాయె, ఇగ ఇంజనే దాన్ని మల్ల నింపుతది. గిప్పుడు గిది సూడు. మందం ప్లేట్లు. గట్టి దెబ్బ కొట్టలేదు. మెల్లగ పని చేస్తది, దినమంత చేస్తది. కడుపు ఖాళీ చేసుకుంటది, మల్ల నింపుకుంటది."

"సన్నంది గట్ల ఖాళీ చేస్తే?"

ఆయన కోసిన ట్రాక్టర్ బ్యాటరీ అడుగున వేలు పెట్టి, నల్లటి బురద తీసి నా చేతికి పూశారు. "గిట్లయితది. ప్లేటుకు పూసిన మందు రాలి కింద పడ్తది. ఇగ ఏ ఛార్జరూ దాన్ని మీదికి ఎక్కియ్యలేదు."

ఈ వృత్తిలో సగం విద్య ఆ బురదలో ఉంది. లోతుగా దిగి మళ్లీ ఎక్కే పనికి మందం ప్లేట్లు కావాలి. అది ఇంటి ఇన్వర్టరైనా, పొలంలో సోలారైనా, బ్యాటరీతో నడిచే బండైనా ఒకటే. ఇది నాకు ఇరవై రెండేళ్లకే తెలుసు. తెలిసీ తప్పు చేశాను కనుకనే దీన్ని ముందు రాశాను.

మూడు తొట్ల చేపలు

సత్యవతి గారిది బీర్కూర్ దగ్గర వలస రైతులు కట్టుకున్న క్యాంపు. ఆమె మామగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్న కుటుంబం. కొన్నేళ్ల కింద ఆమె ఇంటి వెనుక టార్పాలిన్‌తో మూడు గుండ్రటి తొట్లు కట్టించి చేపలు పెంచడం మొదలుపెట్టారు. తక్కువ నీళ్లలో ఎక్కువ చేపలు. ఆ నీళ్లలోకి పంపుతో ఎప్పుడూ గాలి ఊదుతుండాలి. గాలి ఆగితే గంట గడవకముందే చేపలు పోతాయి.

ఆమె దుకాణానికి వచ్చి అడిగింది నాకు పొల్లు పోకుండా గుర్తుంది. "కరెంటు పోతే నాలుగు గంటలు గాలి ఆగకూడదండీ. దానికి సరిపోయేది చెప్పండి."

ఆ నెల నా దగ్గర ట్రాక్టర్ బ్యాటరీలు ఎక్కువగా మిగిలాయి. డీలర్ తరఫున వచ్చే సేల్స్ సారు వాటిని అమ్మమని వెంటపడుతున్నాడు. మందం ప్లేట్ల ట్యూబులర్ బ్యాటరీ ఖరీదు దాదాపు రెండింతలు. నేను ట్రాక్టర్‌ది చూపించి, "గిది అగ్గువల వస్తది అమ్మా, మంచిగనే నడుస్తది" అన్నాను. కొత్త బ్యాటరీ కదా, నడిచింది కూడా. ఆమె ఫోన్ చేసి మరీ, నాలుగు గంటలు వచ్చిందండీ అని చెప్పారు. నేను సంతోషపడ్డాను. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది కానీ దాన్ని పట్టించుకోలేదు.

ఆ వేసవిలో లైను పనులు జరుగుతూ రోజూ ఏదో ఒక పూట కరెంటు ఆగేది. రోజూ ఆ సన్నం ప్లేట్లు అడుగుదాకా దిగి ఎక్కుతున్నాయి. నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం రాళ్లవాన పడి స్తంభాలు ఒరిగాయి. కాసేపటికి ఆమె ఫోన్.

"గంగారాం గారూ, గాలి ఆగిపోయిందండీ. గంట కూడా రాలేదు. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

నిండుగా ఛార్జింగ్ ఉన్న ట్యూబులర్ ఒకటి ట్రాలీ ఆటోలో వేసుకుని బయలుదేరాను. బీర్కూర్ ఇంకా కొంత దూరం ఉందనగా తుమ్మచెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఇద్దరు రైతులు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్నారు. నేనూ డ్రైవరూ దిగి కొమ్మలు లాగాం. నా చేతులు చీరుకుపోయాయి. ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

నేను వెళ్లేసరికి ఆమె, ఆమె భర్త, అత్తగారు, ఇద్దరు కూలీలు బిందెలతో నీళ్లు ముంచి ఎత్తు నుంచి అదే తొట్లో పోస్తున్నారు, ఆ రకంగానైనా గాలి కలుస్తుందని. వాళ్ల బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. నేను వైర్లు బిగించి పంపు నడిపించాను. రెండు తొట్లలో తెల్లటి పొట్టలు పైకి తేలి ఉన్నాయి. మూడో తొట్టి దగ్గర ఆమె మోకాళ్ల మీద కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టారు.

"ఇందులో తిరుగుతున్నాయండీ" అన్నారు. "ఇందులో ఇంకా తిరుగుతున్నాయి."

మూడు రోజుల తర్వాత ఆ ట్రాక్టర్ బ్యాటరీని ఆటోలో పెట్టించుకుని దుకాణానికి వచ్చారు. తిడతారని కాచుకుని ఉన్నాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, "దీన్ని నా ముందు కొయ్యండి. లోపల ఏమైందో చూడాలి" అన్నారు.

కోశాను. అడుగున బురద. ఉస్తాద్ నాకు చూపించినట్టే, సన్నం ప్లేట్లు, మందం ప్లేట్లు, రాలిపోవడం అన్నీ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు.

"ఇదంతా మీకు ముందే తెలుసాండీ?"

తెలియదని చెప్పే వీలుంది. కంపెనీ తప్పని చెప్పొచ్చు. దుకాణంలో ఇంకెవరూ లేరు.

"తెలుసమ్మా" అన్నాను.

"తెలిసీ ఎందుకిచ్చారు?"

"అగ్గువది అడిగితిరని..."

"నేను అడిగింది నాలుగు గంటలండీ. చవకది అన్న మాట మీదే."

ఆ రోజు బిగించిన ట్యూబులర్ ఆమెకే వదిలేశాను. ఆమె వద్దనలేదు, అది ఆమెకు రావలసిందే. లేచి వెళ్తూ, "ఆ కోసినదాన్ని పారెయ్యకండి. కొనడానికొచ్చిన వాళ్లకి చూపించండి" అన్నారు. అప్పటి నుంచి అది గల్లా పక్కనే ఉంది. మరుసటి ఏడు ఆమె మూడు తొట్లనూ మళ్లీ నింపారు.

చేపలకు వారంటీ

సేల్స్ సారు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ అలాంటివాళ్లు తగులుతారు. మంచి బట్టలు వేసుకుని, చల్లగా మాట్లాడే మనిషి. నెలాఖరుకు ఇన్ని అమ్మితే గోవా తీసుకుపోతామనేవాడు. నేను కోసిన బ్యాటరీ చూపించి, ఇక ఇంటి అవసరాలకు ఇవి అమ్మనన్నాను.

"అన్నా, కస్టమర్‌కు గింత టెక్నికల్ ఎందుకు? రేటు చెప్పు, వారంటీ కార్డు ఇయ్యి. పోతే మార్చిస్తం గద."

"బ్యాటరీకి ఇస్తరు సార్. చేపలకు వారంటీ ఉన్నదా?"

ఆయన నవ్వేసి చాయ్ తాగి వెళ్లాడు. తర్వాత నాకు సరుకు ఆలస్యంగా రావడం మొదలైంది. నేను వేరే డీలర్‌ను చూసుకున్నాను. ఆయన చెడ్డవాడని అనను. ఆయన పని అమ్మడం. క్యాంపులో తొట్టి ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. కౌంటర్ వెనుక నిలబడిన మనిషి మాత్రం చూసినట్టే అనుకుని మాట్లాడాలి. తప్పు నాది.

అప్పటి నుంచి ధర కన్నా ముందు, ఏం నడవాలి, ఎంతసేపు నడవాలి, నెలలో ఎన్నిసార్లు నడవాలి అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎప్పుడో ఒకసారి కరెంటు పోయే ఇంటికి పెద్ద ట్యూబులర్ అంటగట్టడమూ తప్పే. రోజూ దిగి ఎక్కే పనికి మాత్రం, ఖరీదును అది ఎన్నిసార్లు దిగి ఎక్కగలదో దాంతో భాగించి చూడండి. రెండింతల ధరది చాలాసార్లు సగం ఖర్చుకే పడుతుంది. బ్యాటరీ మీద రాసిన నంబరు, అంటే అది ఎంత కరెంటు దాచుకోగలదన్న లెక్క, మెల్లగా వాడుకుంటేనే నిజం. అందులోనూ సగమే మనదనుకుని, మిగతా సగం ముట్టకుండా ఉంటే అది రెండింతలు బతుకుతుంది. నేను ప్రతి బ్యాటరీనీ లేపి చూసేవాణ్ని. సీసం బరువు దాచలేరు. ఒకే నంబరు రాసి ఉన్న రెండింటిలో తేలికగా ఉన్నదాన్ని నమ్మకండి.

కొన్న తర్వాత చంపేవాళ్లూ ఉంటారు. మహమ్మద్ నగర్ దగ్గర ఒక రైతు పొలం కొట్టంలో సోలార్‌కు మంచి ట్యూబులర్ పెట్టుకుని, నీళ్లు తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశాడు. "మేము తాగే నీళ్లే గదనే" అన్నాడు. ఆ నీళ్లతో మనిషి బతుకుతాడు, అందులోని ఉప్పులకు ప్లేటు బతకదు. అతన్ని తప్పుపట్టలేను. అమ్మినప్పుడు డిస్టిల్డ్ వాటర్ డబ్బా చేతికిచ్చి చెప్పవలసింది నేను.

సాయిలు బండి

నేను పని వదిలే ముందు ఏడు వచ్చిన కేసు ఇది. సాయిలు తహసీల్ ఆఫీసు బయట కూర్చుని దరఖాస్తులు రాసేవాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. అతనికి మూడు చక్రాల బ్యాటరీ బండి ఉంది. ఊరు బీర్కూర్ రోడ్డులోనే, రోజూ వచ్చి పోతాడు. బండితో వచ్చిన బ్యాటరీలు ఏడాదికే పోయాయి. ఎవరో పాత కారు బ్యాటరీలు రెండు పెట్టిచ్చారు. అవి మూడు నెలలకే చేతులెత్తేశాయి.

"ఎన్ని కిలోమీటర్లు కావాలె సాయిలు?" అని అడిగాను.

"కిలోమీటర్లు నాకెందుకన్న. నడుమల ఆగద్దు. కాలువ వంతెన కాడ రోజు ఆగుతది. ఎవరో ఒకరు వచ్చి నూకుతరు. మంచోళ్లే, నేను పిలువకముందే వస్తరు." హ్యాండిల్ తుడుస్తూ, "గదే నాకు కష్టం" అన్నాడు.

మరుసటి రోజు నేను కరెంటు కొలిచే మీటరు తీసుకుని, అతని బండి పక్కన నడిచాను. చదును రోడ్డు మీద తీసుకునేదానికి వంతెన ఎక్కేటప్పుడు మూడింతలు తీసుకుంటోంది. ఆ ఒక్క ఎత్తు దగ్గరే బ్యాటరీలు కూలిపోతున్నాయి. సగటు చూసి లెక్క వేసినవాళ్లెవరూ వంతెనను లెక్కలో పెట్టలేదు. బండికి బ్యాటరీ చెప్పేవాళ్లు ఆ బండి పోయే దారిలో ఒకసారి నడవాలి. దీన్ని నేను అరవై దాటాక నేర్చుకున్నాను.

ఇక్కడ నాకూ రజితకూ గొడవ వచ్చింది. నేను జెల్ బ్యాటరీలు అన్నాను. అవీ మందం ప్లేట్లవే, ఒలకవు, నాకు తెలిసినవి. ఆమె లిథియం అంది.

"బరువు మూడో వంతు ఉంటది మామ. బండే తేలికైతది, వంతెన ఎక్కుతది. జెల్ మూడుసార్లు మార్చేలోపు గిది ఒక్కటే నడుస్తది."

"గది పోతే బాన్సువాడల ఎవలు బాగు చేస్తరు?"

"నేను చేస్త."

"లిథియం చెప్పకుండ ఆగుతదంట గద. సీసం బ్యాటరీ అయితే ముందుగాలే మెల్లగయితది, మనిషికి తెలుస్తది. గీయన నడిరోడ్డు మీద ఆగిపోతే?"

ఆమె గిరాకీ వస్తే లేచి వెళ్లింది. నేను గెలిచాననుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, నేను చెప్పింది సగం విన్నదే. లిథియం బ్యాటరీని అప్పటిదాకా నేను విప్పి చూడలేదు. తెలియనిదాన్ని ప్రమాదమని చెప్పడం మా వయసువాళ్లకు సులువు. ఆ సాయంత్రం ఆమెతో అన్నాను, "నాకు గది తెల్వది బిడ్డ. చెప్పు." గల్లా ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఒక పాత ప్యాక్ విప్పి, లోపలి గదులనూ, వాటిని కాపలా కాసే చిన్న బోర్డునూ చూపించింది. నేను ఎన్నో ఏళ్ల తర్వాత శిష్యుణ్నయ్యాను. బాగుంది.

చివరికి ఆమె, సాయిలుకు రోజుకు కావలసినదానికి దాదాపు రెండింతల ప్యాక్ లెక్కగట్టింది. ఎంత మిగిలిందో శాతంలో చూపించే మీటరును హ్యాండిల్ మీద పెట్టింది, ముందుగానే తెలియడానికి. ఛార్జరు మార్చాలి, పాతది పనికిరాదు. తేల్చవలసింది మాత్రం సాయిలు. ఒక వారం జెల్, ఒక వారం లిథియం అతని బండికే పెట్టి తిప్పుకోమన్నాం. జెల్‌తో వంతెన ఎక్కింది కానీ మూలుగుతూ ఎక్కింది. రెండో వారం చివర వచ్చి, "రజితక్క పెట్టిందే ఉండనియ్యి అన్న" అన్నాడు. అతను ఆమెకంటే పెద్దవాడే. అయినా అక్క అన్నాడు.

అతని సొంత ప్యాక్ బిగించిన రోజు నేనూ అతనితో బయలుదేరాను. మీటరు చూడటానికి అన్నాను. నిజానికి, ఒక వారం ఎక్కి చూపించినా నాకు ధైర్యం చాలలేదు. వంతెన దగ్గరికి రాగానే, నాకు తెలియకుండానే బండి వెనక్కి చేరాను. రెండు చేతులూ ముందుకు చాచి, ఆగితే పట్టుకుందామని నడుస్తున్నాను. బండి ఆగలేదు. సగం ఎత్తులో సాయిలు అద్దంలోంచి నన్ను చూశాడు.

"ఎనుక ఎందుకు వస్తున్నవ్ అన్న?" అన్నాడు. "పక్కకు రా. మాట్లాడుకుంట పోదం."

చేతులు దించి పక్కకు వచ్చాను. నాకు అప్పటికే ఆయాసం వస్తోంది. అది చూసి అతను యాక్సిలరేటర్ కాస్త వదిలి, బండిని నా నడకకు సమానంగా పోనిచ్చాడు. వంతెన దిగేదాకా ఆ పొద్దు తను రాసిన దరఖాస్తుల గురించి చెబుతూనే ఉన్నాడు.